కోసేసిన రెండు లైన్లు

గురువారం పొద్దున పదిన్నరకు వింతల మాస్టారు నా గదిలోకి వచ్చి, ఆ రోజు క్యాలెండరు చీటీని నేను దిద్దుతున్న ప్రూఫుల మీద పెట్టారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మాయ్, దీనికి తోక లేదు," అన్నారు.

చీటీ చదివాను. మళ్ళీ చదివాను. దిద్దుతున్న పెన్ను పక్కన పెట్టేశాను.

ఎందుకో తెలియాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి. పేరుకు మాస్టారే గానీ ఆయన ఏ బడిలోనూ ఒక్క రోజు పాఠం చెప్పలేదు. పదిహేడేళ్ళ వయసులో మా ప్రెస్సుకు కట్టలు కట్టే పనికి వచ్చారు. అప్పట్లో ఇక్కడ పిల్లల విజ్ఞాన సర్వస్వాలు అచ్చయ్యేవి. సరిగా పడని కాగితాలనే కట్టల చుట్టూ చుట్టేవారు. ఈయన చుట్టాల్సిన కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని చదువుతూ కూర్చునేవారట. మేనేజరు రెండుసార్లు తిట్టి, మూడోసారి విసిగిపోయి, "అంత చదివేవాడివి, అందులో బాగున్నవి రాసివ్వు, క్యాలెండరు వెనకాల వేద్దాం," అన్నాడట. అంతే, ఇరవై ఆరేళ్ళుగా రాస్తూనే ఉన్నారు.

మాది రోజుకో చీటీ చింపే గోడ క్యాలెండరు. ముందు పక్క పెద్ద అంకెలో తేదీ, వెనక పక్క పదకొండు లైన్ల వింత. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని, శుక్రగ్రహం మీద ఒక రోజు దాని ఏడాది కన్నా పొడుగని, ఒక తేనెటీగ బతుకంతా కష్టపడితే చెంచాలో పన్నెండో వంతు తేనె వస్తుందని, లెక్కకెక్కిన అతి చిన్న యుద్ధం గంట కూడా నడవలేదని నలభై వేల ఇళ్ళకు చెప్పింది ఈయనే. మాట్లాడితే మనిషి మొహమాటం ముద్ద. కాగితం మీద మాత్రం ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

తోక అన్నది మా ప్రెస్సు మాట. చీటీలో చోటు చాలకపోతే పేజీలు పెట్టే ఆపరేటరు కింది నుంచి కోస్తాడు. అడగడు, చదవడు, కోస్తాడంతే. అందుకని మాస్టారు ప్రతి వింతనూ చివరి రెండు లైన్లు పోయినా నష్టం లేకుండా రాస్తారు. "ఆహా, ప్రకృతి ఎంత విచిత్రం!" లాంటివన్నీ అక్కడ పెడతారు. అది తోక. ఇన్నేళ్ళలో వందల తోకలు తెగాయి. ఒక్కరికీ నొప్పి తెలియలేదు.

ఈ తోక మాత్రం అలాంటిది కాదు. దాన్ని అక్కడ పెట్టించింది నేను, చీటీలు చూసి ఒప్పుకునే ఎడిటరుని.

నిరుడు ఆయన రాసుకొచ్చిన కాగితం మొదటి లైనులోనే "సైకస్ గింజలు విషం, తినరాదు" అని ఉంది. చదివి నేను నవ్వాను. నాకు ముక్కు మీద కోపం అంటారు గానీ ఆ రోజు సరదాగానే ఉన్నాను. "మాస్టారూ, మొదట్లోనే దొంగ ఎవరో చెప్పేస్తే మిగతా కథ ఎవరు చదువుతారు? కాస్త ఊరించండి. దెబ్బ చివర్లో కొట్టండి," అన్నాను. ఆయన తల గోక్కుని, కాగితం తీసుకుపోయి, తిరగేసి రాసుకొచ్చారు. అద్భుతంగా కుదిరిందని మెచ్చుకుని సంతకం పెట్టాను. పెట్టిన నెలకు ప్రొప్రైటరుకు ఓ ఆలోచన వచ్చింది, ప్రతి చీటీ అడుగునా ప్రెస్సు ఫోను నంబరు వెయ్యాలని. దానికి రెండు లైన్ల చోటు కావాలి. ఆపరేటరు ఆ ఒక్కసారీ పాపం అడిగాడు. "మాస్టారూ, అన్నిటికీ రెండేసి లైన్లు కొయ్యాలి, కొయ్యమంటారా?" "తోకలేగా, కొయ్యండి," అన్నారు మాస్టారు. మూడు వందల అరవై నాలుగు వింతలకు ఏమీ కాలేదు.

మిగిలిన ఆ ఒక్క చీటీ మీద ఇప్పుడు ఇలా ఉంది: డైనోసార్ల కాలం నాటి మొక్కల వంశం మీ తోటలోనే ఉండొచ్చు. సైకస్ పొట్టి తాటిచెట్టులా కనిపిస్తుంది గానీ తాటికీ దానికీ చుట్టరికం లేదు. దానికి పువ్వూ లేదు, కాయా లేదు, నేరుగా గింజే. ఎర్రగా నారింజ రంగులో మెరిసే ఆ గింజల పప్పును కొన్ని దీవుల వాళ్ళు దంచి, పిండి చేసి, తరతరాలుగా రొట్టెలు కాల్చుకుని తిన్నారు. రెండున్నర శతాబ్దాల కిందట ఒక ఓడ ఒడ్డుకు చేరినప్పుడు, అక్కడివాళ్ళు తిని పారేసిన గింజల పెంకులు చూసి నావికులు కూడా రుచి చూశారు.

దాని కింద ఫోను నంబరు.

తెగిపోయిన రెండు లైన్లు నాకు కంఠతా వచ్చు. "రోజుల తరబడి నీళ్ళు మార్చి నానబెట్టకపోతే ఆ గింజలు విషమని వాళ్ళకు తెలియదు. తిన్నవాళ్ళంతా వాంతులతో కూలబడ్డారు. మీరు ముట్టుకోవద్దు!"

"ప్రొప్రైటరు దగ్గరికి పదండి," అని లేచాను.

ప్రొప్రైటరు చీటీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవరు తింటారయ్యా ఇవన్నీ? ఊరికే గాభరా పడతారు."

"మా అక్క తింటుంది," అన్నారు మాస్టారు.

ఆయన అక్కగారు నాకు బాగా తెలుసు. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళ హాస్టల్లో వంట చేస్తుంది. ముప్పై మందికి రెండు పూటలా ఆవిడ చేతి భోజనమే. తమ్ముడు రాసిన వింత ఏదైనా సరే, చేసి చూడందే ఆవిడకు తోచదు. తొక్కతో ఉన్న నారింజ నీళ్ళలో తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది అని రాస్తే, హాస్టలు హాస్టలంతా తొట్టి చుట్టూ చేరి చూశారు. ఆరిపోయిన కొవ్వొత్తి పొగకు నిప్పు చూపిస్తే వత్తి మళ్ళీ వెలుగుతుందని రాస్తే, డబ్బా కొవ్వొత్తులు అవగొట్టింది. "మా తమ్ముడు రాశాడంటే జరిగి తీరాలి," అంటుంది. ఎవరైనా అనుమానపడితే గరిటె ఎత్తుతుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది ఆవిడకు. రోజుకో చీటీ అని ఆగదు. ఆదివారమే వారం చీటీలన్నీ పైకెత్తి వెనకాల చదివేసుకుంటుంది, కావలసినవి సిద్ధం చేసుకోవడానికి. హాస్టలు ముందు నడవకు అటొకటి ఇటొకటి రెండు సైకస్ చెట్లున్నాయి. వాటిలో ఒకటి నిండా గింజలతో ఉంది.

"సోమవారం ఫోను చేసింది," అన్నారు మాస్టారు, మా ఇద్దరికీ కాదు, నేలకు చెబుతున్నట్టు. "గురువారం భోజనానికి రారా, నువ్వు రాసినదే నీకు తినిపిస్తా అంది. ఏమిటని అడగలేదు నేను. ప్రూఫులున్నాయి, రానన్నాను."

నాలుగు రోజులు. కోసి, పగలగొట్టి, ఎండబెట్టి, దంచడానికి నాలుగు రోజులు చాలు. హాస్టల్లో భోజనాల గంట పన్నెండున్నరకు కొడతారు.

ప్రొప్రైటరు మొహం అప్పుడు మారింది. ఆ మాటకొస్తే ఆయన చెడ్డవాడు కాదు, కాస్త లేటుగా వెలుగుతాడు. రేడియో వాళ్ళకు తాను ఫోను చేస్తానన్నాడు, చీటీ మీది నంబరుకు వచ్చే ఫోన్లు కూడా తానే తీస్తానన్నాడు. వ్యాను తీసుకుపొమ్మన్నాడు.

మెట్లు దిగుతూనే మాస్టారు అక్కకు ఫోను చేస్తున్నారు. మోగుతోంది, ఎవరూ తియ్యడం లేదు. తియ్యరని నాకూ తెలుసు. ఒకసారి ఉడికే గిన్నెలో ఫోను పడిపోయినప్పటి నుంచి ఆవిడ వంటవేళ దాన్ని పై గదిలో సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. హాస్టలు ఆఫీసు ఫోను కూడా మోగి మోగి ఆగిపోయింది. వార్డెను సెలవులో ఉందట, తర్వాత తెలిసింది.

వ్యాను నిండా అట్టల కట్టలు. డ్రైవరు పక్కన మేమిద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. పెద్ద రోడ్డు మీద పైపుల కోసం తవ్వేశారు, ఒక పక్కే బళ్ళు వదులుతున్నారు. మా ముందు ఇసుక లారీ ఒకటి కదలదు, మెదలదు. పదకొండుంపావు అయింది. డ్రైవరు హారను కొడుతుంటే లారీ అతను తల బయట పెట్టి మా వంశాన్నంతా తలుచుకున్నాడు. మామూలుగా అయితే నేను దిగి నాలుగు అంటించేదాన్ని. ఆ రోజు గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను.

"తింటే ఎంతసేపటికి తెలుస్తుంది?" అని అడిగాను.

"కొందరికి అరగంట. కొందరికి చాలా గంటలు. వాంతులు, కడుపునొప్పి, తల తిరగడం. తర్వాత కాలేయం మీద పడొచ్చు." చదివిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పి ఆగారు. "ఓడలో ఉన్న పందులకు కూడా పెట్టారు. వాటిలో కొన్ని చచ్చిపోయాయి."

"తిన్నవాళ్ళకు ఏం చెయ్యాలి?"

ఆయన నా వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆ మొహం నేను చూడలేదు. "అది నేను చదవలేదమ్మాయ్. ఏం జరుగుతుందో మాత్రం చదివాను. జరిగితే ఏం చెయ్యాలో పట్టించుకోలేదు. చీటీకి అక్కర్లేదు కదా అనుకున్నాను."

నా వల్లే అని చెప్పాలనుకున్నాను. ఊరించమన్నది నేనే అని ఆయనకు గుర్తుందో లేదో. గుర్తుండే ఉంటుంది, గుర్తుండీ ప్రొప్రైటరు ముందు నా పేరు ఎత్తలేదు. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. కానీ అప్పుడు చెబితే నా బరువు దిగుతుందే తప్ప ఆయనది దిగదు.

హాస్టలు గేటు ముందు ఆగేసరికి పన్నెండు దాటి అయిదు నిమిషాలు. ఎడమ చెట్టు నడినెత్తిన ఉండాల్సిన గింజలు లేవు. ఎవరో శుభ్రంగా కోసుకున్నారు. మాస్టారు పరుగెత్తారు. ఆయన పరుగెత్తగా చూడటం అదే మొదలు.

వంటింట్లో అక్కగారు నడుముకు తువ్వాలు బిగించుకుని పెద్ద పెనం ముందు నిలబడి ఉంది. పక్కన పళ్ళెంలో రొట్టెల దొంతర. మమ్మల్ని చూసి మొహం వికసించింది.

"రానన్నావుగా! వచ్చావా? అమ్మాయిని కూడా తీసుకొచ్చావే! ఇదిగో, డైనోసార్లు చూసిన రొట్టె. ఇంకో ఇరవై నిమిషాలాగితే అందరికీ..."

మాస్టారు పళ్ళెం ఎత్తి రొట్టెలన్నీ చెత్తబుట్టలో కుమ్మరించారు. పెనం మీదది కూడా చేత్తోనే లాగి పడేశారు. వేళ్ళు కాలినట్టున్నాయి, ఊదుకోను కూడా లేదు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అని అరిచింది అక్కగారు. "నాలుగు రోజులు ఎండబెట్టాను! చేతులు పడిపోయేలా దంచాను!"

"ఎవరికైనా పెట్టావా అక్కా?"

"గంట కొట్టందే ఎవరికి పెడతానురా? అసలు ఏమైందో చెప్పి తగలడు."

"అది విషమక్కా. రోజుల తరబడి నీళ్ళు మార్చి నానబెట్టాలి. చివర రాశాను. కోసేశారు. నేనే కొయ్యమన్నాను."

"ఒకసారి కడిగానే," అంది ఆవిడ. గొంతు తగ్గింది.

ముప్పై మంది ఇంకా ఫ్యాక్టరీలోనే ఉన్నారు, రొట్టెలు చెత్తబుట్టలో ఉన్నాయి. గండం గడిచిందనుకున్నాను. మాస్టారు మాత్రం అక్క మొహంలోకే చూస్తున్నారు.

"నువ్వు?" అన్నారు.

ఆవిడ తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. "రుచి చూడకుండా నేనెప్పుడైనా బల్ల మీద పెట్టానా? పొద్దున పదింటికి మొదటి వాయి దింపి తిన్నాను. ఒకటి తింటే ఉప్పు తక్కువనిపించింది. ఉప్పు కలిపి ఇంకోటి కాల్చుకు తిన్నాను."

రెండు రొట్టెలు, రెండు గంటలు.

"నాకేం కాలేదు చూడు, గుండ్రాయిలా ఉన్నాను," అంటూనే ఆవిడ పొయ్యి ఆర్పింది. ఆర్పి, అరుగు పట్టుకుని నిలబడిపోయింది. పెదవుల చుట్టూ తెల్లబడటం నేను చూశాను.

ఆసుపత్రికి వ్యానులో దారి సగం వచ్చేసరికి వాంతులు మొదలయ్యాయి. అట్టల కట్టల మీద పడుకోబెట్టాం. డోకి డోకి ఆవిడ కళ్ళు లోపలికి పోయాయి. మాస్టారు ఆవిడ తల పట్టుకుని కూర్చున్నారు. తవ్విన రోడ్డు మీద బండి ఎగిరిపడినప్పుడల్లా ఆవిడ తమ్ముడి చెయ్యి నలిపేసింది. ఈసారి ఇసుక లారీ ఎదురైతే నేను దిగాను. నేనేం తిట్టానో ఇక్కడ రాయలేను గానీ లారీ పక్కకు తప్పుకుంది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. సైకస్ గింజలంటే తాను ఎప్పుడూ చూడలేదంది. దాచలేదు, అదే నయం. మాస్టారు చెప్పారు. తడబాటు లేకుండా, మొహమాటం లేకుండా, ఏ చెట్టు, ఏ భాగం, ఎన్నిసార్లు కడిగింది, ఎన్ని రొట్టెలు తిన్నది, ఏ గంటకు, తిన్నవాళ్ళకు చరిత్రలో ఏమేం జరిగింది, అన్నీ వరసగా చెప్పారు. జేబులోంచి తీసిన గింజను బల్ల మీద పెట్టారు, వచ్చేటప్పుడు వంటింటి కిటికీలో దొరికిందట. డాక్టరమ్మ రాసుకుంటూ ఒక్కసారి తలెత్తి, "మీరు బోటనీ ప్రొఫెసరా?" అంది.

"కాదండీ. దీనికి కారణం నేనే," అన్నారు.

డాక్టరమ్మ ఫోను పట్టుకుని విషాల గురించి చెప్పే కేంద్రానికి చేసింది. సెలైను ఎక్కించారు, ఏదో నల్లటి మందు తాగించారు. రక్తం తీసి పంపారు. కాలేయం సంగతి ఇప్పుడే చెప్పలేం, రెండు రోజులు చూడాలన్నారు. ముప్పై మంది తినకుండా ఆగడం అదృష్టమని కూడా డాక్టరమ్మ అంది. అదృష్టమే, ఆ ఇసుక లారీ మమ్మల్ని ఇంకో అరగంట ఆపి ఉంటే భోజనాల గంట కొట్టేసేవారు, నాకు ఆ ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

సాయంత్రం ప్రెస్సుకు ఫోను చేస్తే ప్రొప్రైటరు గొంతు బొంగురుపోయి ఉంది. రేడియోలో గంటకోసారి చెబుతున్నారట. చీటీ మీది నంబరుకు అరవై రెండు ఫోన్లు వచ్చాయట. తొమ్మిది ఇళ్ళలో గింజలు కోసి పెట్టుకున్నారు, ఎవరూ నోట్లో పెట్టుకోలేదు. "ఆ నంబరు వేయించి మంచి పని చేశానంటావా, చెడ్డ పని చేశానంటావా?" అని అడిగాడు.

ఆ రెండు రోజులూ మాస్టారు వరండాలో బెంచీ మీదే ఉన్నారు. ఏమీ చదవలేదు. మందుల డబ్బా మీది కాగితమైనా వదలని మనిషి, ఎదురుగా గోడ మీదున్న ఆరోగ్య సూత్రాల పెద్ద పటం వైపు కూడా చూడలేదు. రెండో రోజు పొద్దున నేను ఆయన పక్కన కూర్చుని చెప్పేశాను. "మాస్టారూ, మొదటి లైను చివరికి మార్పించింది నేను."

"మార్చి రాసింది నా చెయ్యి కదమ్మాయ్," అన్నారు. ఆయన కాస్త తిట్టినా బాగుండేది.

శనివారం మధ్యాహ్నం మూడో రిపోర్టు వచ్చింది. నిన్న పెరిగిన అంకెలు ఇవాళ దిగాయంది డాక్టరమ్మ. ఇంక భయం లేదు, కానీ కొన్నాళ్ళు చూపించుకుంటూ ఉండాలంది. మమ్మల్ని లోపలికి పంపింది.

అక్కగారు సగానికి సగం అయిపోయింది. తెల్ల దుప్పటిలో ఆ పెద్ద చేతులు ఒక్కటే ఆవిడవిగా ఉన్నాయి. మాస్టారు మంచం పక్కన నిలబడి, తలుపు దగ్గర నర్సుకు కూడా వినిపించేలా ఒక్క ఊపులో అనేశారు.

"అక్కా, ఇక నేను రాయను. ప్రొప్రైటరుకు చెప్పేశాను."

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది.

"రాయకపోతే పొద్దున్నే నేనేం చదవాలిరా?" అంది. గొంతు గరగరలాడింది. "నోరు మూసుకుని రాయి. కానీ రాసే ప్రతిసారీ, దీన్ని తినేది మా అక్కే అనుకుని రాయి."

మాస్టారు మంచం కోడు పట్టుకుని పెద్దగా ఏడ్చేశారు. నేనూ ఆగలేకపోయాను. రోగికి విశ్రాంతి కావాలని నర్సు మా ఇద్దరినీ బయటికి పంపేసింది.